పేరు గడి ఖాళీగా ఉన్నవాడు

పొద్దున్నే మూడో అంతస్తు వరండాలో నడిచేవాళ్ళకి ముందు ఒక చప్పుడు వినిపిస్తుంది. కీబోర్డు మీద ఒకే ఒక మీట నొక్కిన చప్పుడు. పాతకాలపు కీబోర్డు, బరువైన మీట. మనుషులింకా రాని గదిలో అది తలుపు గడియ పడ్డట్టు మోగుతుంది. ఆ వెంటనే రెండు మూడు ఊపిరుల నిశ్శబ్దం. తర్వాత ఒక ఆడగొంతు, ఎవరికీ చెప్పనట్టుగా, ఒకే ఒక్క మాట అంటుంది.

"ఉన్నాడు."

అప్పుడు కుర్చీ జరుగుతుంది. ఫ్యాను తిరుగుతుంది. ఆఫీసు మొదలవుతుంది.

కొత్తగా చేరినవాళ్ళు ఈ మాట గురించి చెవులు కొరుక్కుంటారు. ఆఫీసరుగారు వచ్చారో లేదో చూసి చెబుతోందని ఒకడంటాడు. దేవుడున్నాడో లేడో రోజూ పొద్దున్నే తేల్చుకుంటోందని ఇంకొకడంటాడు. వరండా ఊడ్చే ఆవిడ మాత్రం ఆ మాట వినపడేదాకా చీపురు ఆ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళదు, అంతే.

ఆ గొంతు మనిషికి యాభై దాటాయి. కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారి ఉంటుంది. డేటాబేస్‌తో మాట్లాడే కోడ్ రాయడం ఆమె పని. ఎవరు కోడ్ పట్టుకొచ్చినా ముందు మొత్తం పైకి చదువుతుంది. లోపలికి పంపే ప్రతి విలువ మీదా వేలు పెట్టి, "ఇది లేకపోతే?" అని అడుగుతుంది. పేరు పంపుతున్నావు, సరే, అది లేకపోతే? పుట్టిన తేదీ పంపుతున్నావు, అది లేకపోతే? జవాబు చెప్పేదాకా వేలు తీయదు. అందుకే వెనకాల అందరూ ఆమెని 'లేకపోతే మేడమ్' అంటారు. ఆమెకీ తెలుసు. ఒకసారి టీ గ్లాసు మీద ఎవరో ఆ పేరే రాసి అంటిస్తే, ఆ గ్లాసే వాడుకుంది.

ఆ వేలికి ఆ పట్టుదల పుట్టుకతో రాలేదు.

పదకొండేళ్ళ కిందట కూడా ఈ గదే, ఈ కీబోర్డే. నగరంలో ఏడు ఆసుపత్రులున్నాయి. దెబ్బలు తగిలి, స్పృహ తప్పి వచ్చినవాళ్ళ వివరాలన్నీ ఏడు చోట్ల నుంచీ ఒకే జాబితాలోకి చేరతాయి. ఇంటికి రాని మనిషి కోసం ఎవరైనా ఫోన్ చేస్తే, ఈ గది మూలన ఫోన్ల దగ్గర కూర్చునే పెద్దావిడ ఆ జాబితాలో వెతికి చెబుతుంది. ఆవిడ ఎవరికీ చుట్టం కాదు, ఆఫీసంతటికీ పిన్ని. అటువైపు ఏడుపు మొదలైతే, "ముందు కాస్త నీళ్ళు తాగమ్మా, నేనెక్కడికీ పోను" అనడం ఆవిడ అలవాటు.

పేరు తెలియని పేషెంట్లతోనే చిక్కొచ్చేది. ఒక ఆసుపత్రి గుమాస్తా పేరు గడిలో 'తెలియదు' అని కొట్టేవాడు. ఇంకొకరు మూడు ఇంటూ గుర్తులు పెట్టేవారు. ఒకచోట 'మగ మనిషి', ఇంకోచోట 'ఎవరో'. పిన్నికి ఇవన్నీ అత్తవారింటి ముద్దుపేర్లలా కంఠతా వచ్చు. ఒక్కొక్కటే కొట్టి, వచ్చినవాళ్ళ ఆనవాళ్ళు ఫోన్లో చదివి వినిపించేది.

ఇదంతా మన మనిషికి కంటిలో నలుసు. పేరు గడిలో పేరుండాలి, లేదా ఏమీ ఉండకూడదు. 'ఎవరో' అన్నది పేరెలా అవుతుంది? రెండు వారాలు కూర్చుని జాబితా అంతా కడిగేసింది. ఇంటూలు తుడిచింది, తెలియదులు తుడిచింది. ఇకమీదట గడి ఖాళీగా ఉంటే, ఏమీ లేదని చెప్పే గుర్తొకటి కోడ్‌లోంచి డేటాబేస్‌కి వెళ్ళేలా రాసింది. ఆ గుర్తుని వాళ్ళ పనిలో నల్ అంటారు. ఏడు ఆసుపత్రులకీ తనే వెళ్ళి గుమాస్తాలకీ నర్సులకీ నేర్పింది, పేరు తెలియకపోతే ఏమీ రాయొద్దు, ఖాళీగా వదిలేయండి అని. పిన్నితో కూడా చెప్పింది, ఇక ఆ పిచ్చి పేర్లతో పని లేదు, పేరు గడి ఖాళీగా ఉంచి వయసు కొట్టు చాలు, పేరు లేనివాళ్ళంతా వరసగా వస్తారని. కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఇరవై మంది ఉత్తుత్తి పేషెంట్లని వేసుకుంది. ఇరవై మందికీ పేర్లు తనే పెట్టింది.

అక్కడే కాలు జారింది.

నల్ అన్నది ఖాళీ కాదు. తెలియకపోవడం. మూత వేసిన రెండు పెట్టెలు చూపించి, లోపలున్నది ఒకటేనా అని నిజాయితీపరుణ్ణి అడిగితే ఏమంటాడు? అవుననడు, కాదనడు, తెలియదంటాడు. డేటాబేస్ అంతకన్నా నిజాయితీ గలది. పేరు ఇది అయినవాళ్ళని చూపించు అని అడుగుతూ, పేరు బదులు నల్ పంపితే, అది పేరు లేని ప్రతి మనిషి దగ్గరా ఆగి, వీడు అతడేనా అని ఆలోచించి, తెలియదనుకుని ముందుకి పోతుంది. చివరికి ఒక్కరినీ చూపించదు. తప్పు జరిగిందని అరవదు. తెర మీద మర్యాదగా రెండు మాటలు వస్తాయి: వివరాలు లేవు.

దాచే చోట ఆమె ఎంతో జాగ్రత్త పడింది. వెతికే చోట అదే గుర్తుని, అదే చేత్తో, అలవాటుగా పంపేసింది.

తొమ్మిది రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. ఈ మధ్య దిక్కులేనివాళ్ళెవరూ రావడం లేదని, రోజులు మంచివేనని పిన్ని సంతోషించింది కూడా.

పదో రోజు శనివారం. ఆఫీసుకి సెలవు. ఆమె ఇంట్లో వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏదో చూసుకుంటోంది. తమ్ముడు గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు.

వాడు ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. ఆ ఏడంతా ఆమె చిటికెన వేలు పట్టుకోకుండా నిద్రపోయేవాడు కాదు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎత్తైన మేడల నడివెన్నులో వేలాడే తాళ్ళ మధ్య వాడి పని. నువ్వు చేసేదేమిట్రా అని ఎవరైనా అడిగితే, మనుషుల్ని పైకి తేవడమని చెప్పి నవ్వేవాడు. జేబులో ఏమీ ఉంచుకోకపోవడం వాడి పనిలో మొదటి పాఠం. పైనుంచి ఒక్క నాణెం లిఫ్టు గుంతలోకి జారినా, కిందున్నవాడి తల పగులుతుంది. పర్సూ ఫోనూ పనిముట్ల సంచిలో పడేసి, ఖాళీ జేబులతో ఎక్కడం వాడికి ఎంత అలవాటైందంటే, పెళ్ళిళ్ళకి కూడా అలాగే వచ్చేవాడు. దారి ఖర్చులన్నీ అక్కవే.

ఆ రోజు చిన్న పనుంది, మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నాడు. ఎక్కడని ఆమె అడగలేదు. తెర మీంచి కళ్ళు తీయకుండానే, ప్రతిసారీ అనేదే అంది.

"జేబులో చిన్న చీటీ అయినా పెట్టుకోరా. రోడ్డు మీద పడితే ఎవరివాడివో కూడా తెలీదు."

"పడితే నీ లిస్టులో వస్తాను కదక్కా. ఇంక చీటీ ఎందుకు?"

బూటు తాడు బిగించి వెళ్ళిపోయాడు. వాడు లేచినప్పుడు ఆమె తలెత్తలేదు. ఆ ఒక్క చూపూ ఆమె దగ్గర లేదు. వెళ్ళిపోతున్న వాడి వీపు కూడా లేదు. బూటు గడపకి తగిలిన చప్పుడొక్కటే ఉంది.

మధ్యాహ్నం రాలేదు. సాయంత్రం ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. చీకటి పడే వేళకి ఆఫీసుకెళ్ళి తాళం తీసి, తమ్ముడి పేరు కొట్టి వెతికింది. వివరాలు లేవు. గుండె కాస్త కుదుటపడింది. పిన్నికి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వించబోయింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వాడు నీ వెనకే వస్తుంటాడు చూడమ్మాయ్, ఏ స్నేహితుడింట్లోనో పడి నిద్రపోయి ఉంటాడు అంది.

ఆదివారం పోలీసులకి చెప్పారు. వాళ్ళూ చూసేది ఆ జాబితానే. స్నేహితుల ఇళ్ళన్నీ తిరిగారు. సోమవారం పిన్ని పొద్దున్నే వచ్చి, పేరు గడి ఖాళీగా వదిలి, మగ, ఇరవై ఐదు నుంచి ముప్పై ఐదు అని కొట్టి చూసింది. వివరాలు లేవు. ఎందుకో మనసొప్పక ఏడు ఆసుపత్రులకీ ఫోన్లు చేసింది. అక్కడి రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళూ అదే తెర తెరిచి, అలాగే వెతికి, అదే మాట చెప్పారు. అయినా ఆవిడ ఊరుకోలేదు. మనమే ఒకసారి వెళ్ళి మంచం మంచం చూసొద్దామా అంది.

ఆమె కుర్చీ ఇటు తిప్పింది. ఆ తిప్పడం ఆమెకి ఇప్పటికీ జ్ఞాపకం.

"ఎక్కడున్నా మన లిస్టులోకి రావాల్సిందే పిన్నీ. ఇందులో లేడంటే, లేడు."

ఆ మధ్యాహ్నమే వాడి సంచి దొరికింది. ఒక ఎనిమిదంతస్తుల మేడ మీద, లిఫ్టు మోటారు ఉండే గదిలో. ఫోన్ మోగి మోగి చచ్చిపోయి ఉంది. సంచి ఉంది, మనిషి లేడు, లిఫ్టు సగం విప్పి ఉంది. అందరి చూపులూ ఒకేసారి కిందకి పోయాయి. వాడితో పనిచేసేవాళ్ళు ఇద్దరొచ్చి లిఫ్టు పెట్టెని చేత్తో పైకి లాగి, గుంతలోకి లైటు వేశారు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. కింద నూనె మరకలు, ఒక పాత చెప్పు, చిత్తుకాగితాలు. అంతే. ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చింది, సంతోషంతో. కాపలా మనిషి అప్పుడు చెప్పాడు, శనివారం పదకొండు గంటలప్పుడు టీ తాగొస్తానని రోడ్డు దాటాడని, ఆ తర్వాత తను సెలవు మీద వెళ్ళిపోయానని, తిరిగొచ్చాడో లేదో చూడలేదని.

రోడ్డు దాటాడు. ఆమె మళ్ళీ ఆఫీసుకొచ్చి వెతికింది. వివరాలు లేవు. ఎక్కడికో వెళ్ళిపోయాడనుకుంది. తనమీద కోపం వచ్చిందేమో అనుకుంది. ఏయే మాటలకి వచ్చి ఉంటుందో వరసగా పోగేసుకుంది. ఆ రెండు రోజులూ పొరుగూళ్ళ బస్‌స్టాండుల్లో, రైలు స్టేషన్లలో, ఫోటో పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగింది. ఆ ఎనిమిదంతస్తుల మేడకి నాలుగు వీధుల అవతలున్న ఆసుపత్రి ముందు నుంచి ఆటోలో మూడుసార్లు వెళ్ళింది.

బుధవారం నెలాఖరు. ఏడు ఆసుపత్రుల్లో ఎంతమంది ఉన్నారో లెక్క పంపాలి. వేరే ఎవరైనా చేస్తారని ఆఫీసరుగారు అన్నా, చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉందని తనే కూర్చుంది. మొత్తం వరసలు లెక్కేస్తే నాలుగు వందల పన్నెండు. వెతికే తెరలో పేర్ల వారీగా వచ్చినవాళ్ళు నాలుగు వందల తొమ్మిది.

మూడు తేడా.

తెరని పక్కన పెట్టి, పట్టికనే నేరుగా తెరిచింది. మూడు వరసలు. పేరు గడులు మూడూ ఖాళీ, ఆమె నేర్పినట్టే, శుభ్రంగా. మొదటిది ఒక ముసలావిడ. రెండోది ఎవరో అబ్బాయి. మూడో వరస చివర, నర్సులు నాలుగు మాటలు రాసుకునే గడి నిండుగా ఉంది.

శనివారం: మగ, సుమారు ముప్పై. రోడ్డు ప్రమాదం. స్పృహ లేదు. జేబుల్లో ఏమీ లేవు. గోళ్ళలో నల్ల గ్రీజు.

సోమవారం: కళ్ళు తెరిచాడు. అక్కా అన్నాడు. పేరు అడిగితే చెప్పలేకపోయాడు.

మంగళవారం: మళ్ళీ అక్కని అడిగాడు. ఎవరూ రాలేదు.

ఆమె లేచిన తీరుకి కుర్చీ వెనక్కి పడింది. పిన్ని వచ్చి తెర చూసి, మిగతా ఇద్దరి ఇళ్ళూ నేను పట్టుకుంటాను, నువ్వు పో, పో అంటూ చేతికందిన కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ ముసలావిడ కూతురు ఆ వారంలో నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ లేరని చెప్పింది పిన్నే.

ఆసుపత్రిలో రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. దుప్పటి కొత్తగా పరిచి ఉంది, మడతలు ఇంకా పోలేదు. మంచం పక్కన ఒక నర్సు చీటీలు సర్దుతోంది. చిన్న పిల్ల, కళ్ళ కింద నీడలు. గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డ మనిషిని చూసి ఆగిపోయింది. ఎవరు కావాలని అడగలేదు.

"మీరు... అక్కా?"

తెల్లవారుజామున పోయాడట. బాధ పడలేదట. తెలివొచ్చినప్పుడల్లా తలుపు వైపు చూసేవాడట. వస్తారు, లిస్టులో పెట్టాం, చూసుకుని వస్తారని నర్సు రోజూ చెప్పేదట.

తలకి తగిలిన దెబ్బ అలాంటిదని, మొదటి గంటలోనే తెలిసినా బతికేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఓదార్పుగానే చెప్పాడు. ఆమె తలూపింది. ఆమె అడగాలనుకున్నది అది కాదు. నాలుగు రోజులు. చిటికెన వేలు పట్టుకోవడానికి నాలుగు రోజులుంది.

నాలుగో నాడు ఆఫీసుకొచ్చింది. కోడ్ తెరిచి ఆ వరస మార్చింది. పేరు ఇస్తే పోల్చు. ఇవ్వకపోతే పేరు సంగతి అడగకు. పేరు లేనివాళ్ళని ఎప్పుడూ విడిగా, ముందు చూపించు. పదకొండు నిమిషాల పని. సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా. పేరు గడి ఖాళీగా వదిలి, మీట నొక్కింది.

మొదటి వరసలో తమ్ముడు వచ్చాడు.

జరిగినదానికి కారణం రాసిమ్మంటే, తన పేరు రాసిచ్చింది. ఆఫీసరుగారు దాన్ని కొట్టేసి 'సాంకేతిక లోపం' అని రాశాడు. మంచివాడే. ఇన్నేళ్ళ సర్వీసమ్మా, ఎందుకు తల మీద వేసుకుంటావు అన్నాడు. పిన్ని ఆ గదిలో చంకలో పిల్లాడి సామెత మళ్ళీ ఎత్తలేదు. రిటైరయ్యేదాకా, అప్పుడప్పుడు ఫోన్ పెట్టేసి ఇటు తిరిగి, నేనైనా వెళ్ళి చూడాల్సింది అమ్మాయ్ అనేది. ఆమె లేచి వెళ్ళి టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టేది.

బంధువులు గుర్తుపట్టాక పేరు గడి నింపాలని నియమం. ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, నింపమంటారా అని. వద్దని బతిమాలుకుంది. ఆ ఒక్క వరస అలా ఉండనివ్వమని ఆఫీసరుగార్ని అడిగితే, ఎందుకని అడగకుండా సంతకం పెట్టాడు. అప్పటినుంచీ రోజూ పొద్దున, అందరికన్నా ముందొచ్చి, పేరు గడి ఖాళీగా వదిలి, ఆ శనివారం తేదీ కొట్టి వెతుకుతుంది. వాడు కనిపిస్తే, ఆ రోజు ఏ ఇంటివాళ్ళు ఫోన్ చేసినా పేరు తెలియని మనిషి దొరుకుతాడని లెక్క. పదకొండేళ్ళలో జాబితా మూడుసార్లు కొత్త మిషన్లలోకి మారింది. ఒకసారి కొత్తవాళ్ళు తెలియక, ఖాళీ గడులన్నిటిలో చుక్క పెట్టేశారు. ఆ పొద్దున మీట చప్పుడు తర్వాత ఏ మాటా వినపడలేదు. వరండా ఊడ్చే ఆవిడే కంగారుపడి లోపలికి పరుగెత్తింది. మధ్యాహ్నానికల్లా చుక్కలన్నీ పోయాయి.

వచ్చే నెల ఆమెకి ఈ ఆఫీసులో ఆఖరి నెల. ఆ పొద్దుటి పని తన సీటులోకి వచ్చే అమ్మాయికి అప్పగించింది. ఏం చూడాలో చెప్పింది, ఎవరని చెప్పలేదు.

ఇదంతా కథగా రాయడానికి ఒప్పుకుంటారా అని నేను అడిగినప్పుడు, ఆమె కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. నర్సు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయొచ్చంది. ఆఫీసరుగార్ని చెడ్డవాణ్ణి చేయొద్దంది. తమ్ముడికి ఏ పేరు పెట్టమంటారని అడిగితే, తెర వైపు తిరిగింది. అక్కడ ఆ వరస తెరిచే ఉంది.

"పేరు వద్దులెండి. ఆ గడి అలాగే ఉంచండి. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మాత్రం, వాడు కనపడాలి."